రాసెల్ అహ్లామ్ దరఖాస్తు

2015 జనవరి 29. గురువారం. ఢాకా.

ఊరు బిక్కుబిక్కుమంటోంది. ప్రతిపక్షం పిలుపునిచ్చిన రవాణా దిగ్బంధం మొదలై మూడు వారాలు దాటింది. బస్సుల మీద పెట్రోలు బాంబులు పడుతున్నాయి. పొద్దున ఇంట్లోంచి బయల్దేరినవాళ్లు సాయంత్రం తిరిగొస్తారో లేదో తెలీదు. అయినా మోతీజీల్‌లో ఆఫీసులు తెరిచారు. షాప్లా చౌరస్తాకి దగ్గర్లోని బంగ్లాదేశ్ బ్యాంకులోనూ ఉద్యోగులు సీట్లలో కూర్చున్నారు. మనకి రిజర్వు బ్యాంకు ఎలాగో ఆ దేశానికి అది అలాగ. శుక్ర, శనివారాలు అక్కడ సెలవు. ఈ ఒక్క పూటా గడిస్తే చాలు.

ఇన్‌బాక్సులో కొత్త మెయిల్ పడింది.

పంపింది రాసెల్ అహ్లామ్. ఉద్యోగం కావాలి. మీ సంస్థలో చేరాలని ఎంతో ఉత్సాహంగా ఉందని, ఇంటర్వ్యూకి పిలిస్తే అన్నీ వివరంగా చెప్పుకుంటానని, తన రెజ్యూమే, కవరింగ్ లెటర్ ఇక్కడున్నాయని, నాలుగు ముక్కల్లో రాసి, ముందుగానే కృతజ్ఞతలు కూడా చెప్పేశాడు. మర్యాదగా ఉంది. వంక పెట్టడానికేం లేదు. ఫైలు మాత్రం మెయిల్‌కి జతచేసి లేదు. దాని బదులు ఒక లింకు ఉంది. నొక్కితే రెజ్యూమే దిగుతుంది. జిప్ ఫైలు.

అదే మెయిల్ అదే రోజు ఆ బ్యాంకులో డజనుకు పైగా చిరునామాలకు వెళ్లింది.

ఎవరో నొక్కారు.

సర్కారు ఆఫీసుకి ముక్కూ మొహం తెలియనివాళ్లే రాస్తారు. పింఛను రానివాళ్లు, బిల్లు ఆగిపోయినవాళ్లు, ఉద్యోగం అడిగేవాళ్లు. ఆ ఉత్తరాలు తెరిచి చదవడం అక్కడ కూర్చున్నవాళ్ల డ్యూటీ. తెలియనివాళ్ల మెయిల్ తెరవొద్దని ఇంట్లో పిల్లలకి చెప్పగలం. ప్రజల సొమ్ముతో నడిచే ఆఫీసుకి ఆ మాట చెప్పలేం. దొంగలు సరిగ్గా అక్కడే దెబ్బకొట్టారు.

జతచేసిన ఫైలైతే చాలాచోట్ల మెయిల్ సర్వర్ దగ్గరే దాన్ని ఆపి, విప్పి, లోపలేముందో చూస్తారు. లింకు పంపితే అక్కడ తనిఖీకి ఫైలే దొరకదు. అసలు సరుకు ఎక్కడో వేరే సర్వర్‌లో ఉంటుంది. ఆఫీసు లోపలున్న మనిషే తన చేత్తో దాన్ని లోపలికి తెచ్చుకుంటాడు. 2015 జనవరి 29కీ, ఫిబ్రవరి 24కీ మధ్య ఆ బ్యాంకులో కనీసం మూడు కంప్యూటర్లు ఆ పని చేయబోయాయని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తర్వాత తేల్చింది.

తెర మీద ఏమీ పేలలేదు. హెచ్చరికలు మోగలేదు. ఉద్యోగులు ఎప్పట్లాగే ఇళ్లకెళ్లారు.

రాసెల్ అహ్లామ్ అనే మనిషి లేడు. ఆ పేరు వెనకున్నవాళ్లు మాత్రం లోపలికి వచ్చేశారు.

మార్చి వచ్చింది. ఈలోపు వాళ్లు బ్యాంకు నెట్‌వర్కులో దొంగదారి వేసేసుకున్నారు. అక్కణ్ణుంచి బయటికి కబురు పంపుతున్నారు. ఆ కబుర్లు కూడా చూసేవాళ్లకి మామూలు సురక్షిత వెబ్ రాకపోకల్లా కనిపించేట్టు వేషం వేసి పంపుతున్నారు. పట్టపగలు ఇంట్లోకి దూరి అటకెక్కిన దొంగ, ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు, ఈ ముఠా ఆ నెట్‌వర్కులోనే కాపురం పెట్టింది. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు.

మే నెల. ఢాకాకి వేల కిలోమీటర్ల దూరంలో, మనీలా పక్కన మకాటిలో, జూపిటర్ స్ట్రీట్‌లో ఆర్‌సీబీసీ అనే బ్యాంకు బ్రాంచి. అక్కడ నాలుగు ఖాతాలు తెరిచారు. ఒక్కోదాంట్లో 500 డాలర్లు. ఖాతాదారులు వేర్వేరు కంపెనీల్లో పనిచేస్తారట. హోదా మాత్రం అందరిదీ ఒకటే. జీతం కూడా ఒకటే. చూపించిన డ్రైవింగ్ లైసెన్సులు నకిలీవి. ఎవరూ ఆరా తీయలేదు. నెలలు గడిచాయి. ఆ ఖాతాల్లో ఒక్క డాలరు కదల్లేదు.

ఎదురుచూస్తున్నాయి.

దేనికోసమో తెలియాలంటే ఢాకా బ్యాంకు పదో అంతస్తులో ఒక గది గురించి చెప్పాలి. కట్టుదిట్టమైన కాపలా ఉన్న గది. లోపల స్విఫ్ట్ టెర్మినళ్లు. ఒక దేశం బ్యాంకు మరో దేశం బ్యాంకుకి 'ఇంత సొమ్ము ఫలానా ఖాతాకి పంపు' అని చెప్పే నెట్‌వర్కు అది. బంగ్లాదేశ్ విదేశీ మారక నిల్వల్లో కొంత న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకులో ఉంటుంది. ఆ సొమ్మును కదిలించే ఆదేశాలు ఈ గదిలోంచే వెళ్తాయి. మనుషులు అడుగుపెట్టకుండా తలుపుకి తాళాలున్నాయి, కెమెరాలున్నాయి. నెట్‌వర్కుకి మాత్రం ఫైర్‌వాల్ లేదు. కంప్యూటర్లను కలిపింది పాత స్విచ్చులతో, ఒక్కోటి 10 డాలర్లు చేసే సెకండ్‌హ్యాండ్ సరుకుతో. బంగ్లాదేశ్ సీఐడీ ఫోరెన్సిక్ అధికారే ఈ మాట బయటపెట్టారు. కోట్ల డాలర్ల ఖజానాకీ, దరఖాస్తులు తెరిచే మామూలు కంప్యూటర్లకీ మధ్య గట్టి అడ్డుగోడ లేదు. ఆ గోడ ఉండుంటే, రెజ్యూమే నొక్కిన ఉద్యోగి చేసింది ఒక చిన్న పొరపాటుగా మిగిలిపోయేది.

2016 జనవరి 29. మొదటి మెయిల్ పడి సరిగ్గా ఏడాది. ముఠా కదిలింది. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి, దాన్నుంచి మరోదానికి దూకుతూ, ఉద్యోగుల పాస్‌వర్డులతోనే తలుపులు తీసుకుంటూ, చివరికి వాళ్లు స్విఫ్ట్ వ్యవస్థ దాకా చేరారు.

ముహూర్తం మాత్రం ఆ రోజు కాదు. ఇంకో వారం ఆగారు.

ఫిబ్రవరి 4. గురువారం రాత్రి. మోతీజీల్ ఖాళీ అయింది. బ్యాంకులో దీపాలు ఆరిపోయాయి. ఢాకాలో చీకటి పడితే న్యూయార్క్‌లో పొద్దున. మాన్‌హట్టన్, లిబర్టీ స్ట్రీట్, 33వ నంబరు. ఫెడరల్ రిజర్వు ఉద్యోగులు అప్పుడే పనిలో దిగుతున్నారు. ఢాకా నుంచి ఆదేశాలు రావడం మొదలైంది. ఒకటి కాదు, రెండు కాదు.

35.

అన్నీ కలిపితే 95.1 కోట్ల డాలర్లు.

ఫెడ్ తిప్పి పంపింది. సొమ్ము ఏ బ్యాంకు మీదుగా వెళ్లాలో వివరాలు లేవు, ఫార్మాట్ సరిగా లేదు. అక్కడితో ఆగిపోవాల్సింది. ఆగలేదు. అదే రోజు అవే 35 ఆదేశాలు దిద్దుకుని మళ్లీ వచ్చాయి. స్విఫ్ట్ ముద్ర అసలైనదే. వచ్చిన దారి అసలైనదే. ఈసారి ఐదింటికి దారి దొరికింది. నాలుగు మనీలాకి, 8.1 కోట్ల డాలర్లు. ఒకటి కొలంబోకి, 2 కోట్ల డాలర్లు. మిగతా 30 క్యూలో ఉన్నాయి.

శుక్రవారం పొద్దున. ఢాకాలో సెలవు. పదో అంతస్తుకి డ్యూటీ అధికారి వచ్చారు. స్విఫ్ట్ గదిలో ఒక ప్రింటర్ ఉంటుంది. రాత్రంతా వచ్చిన లావాదేవీల నకళ్లు దానంతటదే అచ్చువేసి ట్రేలో పేరుస్తుంది. ఆ రోజు ట్రే ఖాళీగా ఉంది. ఒక్క కాయితం లేదు. నొక్కి చూశారు. మొరాయించింది. ఇలా ఇంతకుముందూ అయింది, మామూలే అనుకున్నామని ఆయన తర్వాత పోలీసులకి చెప్పారు. జుమ్మా నమాజు వేళవుతోంది. రేపు చూద్దామనుకున్నారు.

ప్రింటర్ చెడిపోలేదు. దాని నోరు నొక్కారు.

ఆ పనెలా చేశారో రెండు నెలల తర్వాత బ్రిటన్‌కి చెందిన బీఏఈ సిస్టమ్స్ నిపుణులు విప్పి చూపించారు. దొంగలు స్విఫ్ట్ సాఫ్ట్‌వేర్‌లో మార్చింది రెండంటే రెండు బైట్లు. అన్నీ సరిగా ఉన్నాయా అని ఆ సాఫ్ట్‌వేర్ ఒకచోట తనిఖీ చేసుకుంటుంది. ఇక ఆ తనిఖీకి ఎప్పుడూ 'సరే' అన్న జవాబే. అక్కణ్ణుంచి లావాదేవీల రికార్డులు మాయం చేయడం, అచ్చుకి వెళ్లే నకళ్లను దారిలోనే పట్టుకోవడం వాళ్ల చేతిలో పని అయిపోయింది.

అదే శుక్రవారం న్యూయార్క్‌లో మంచు కురుస్తోంది. ఈదురుగాలి. ఫెడ్‌కి పెద్ద దూరంలేని ట్రిబెకాలో, వర్త్ స్ట్రీట్ మీద భారీ క్రేన్ ఒకటి పొద్దున్నే కుప్పకూలి ఒకరి ప్రాణం తీసింది. వీధుల్లో సైరన్లు. లిబర్టీ స్ట్రీట్‌లో మాత్రం గుమస్తాలు కాయితాల మీద వంగి ఉన్నారు. ఒక దేశపు కేంద్ర బ్యాంకు ఎప్పుడూ లేనిది వ్యక్తుల ఖాతాలకి ఇంత సొమ్ము పంపడమేంటి? పైగా ఆదేశాల్లో ఒక మాట కంప్యూటర్ తనిఖీకి తగులుకుంది. 'జూపిటర్'. అది మకాటిలో బ్రాంచి ఉన్న వీధి పేరు. ఇరాన్ మీద ఆంక్షల జాబితాలో ఉన్న ఒక నౌకకీ అదే పేరుంది. దొంగలు ఏడాది పాటు అన్నీ లెక్కవేసుకున్నారు, ఇది వేసుకోలేదు. 30 ఆదేశాలు ఆగిపోయాయి. 85 కోట్ల డాలర్లు నిలిచాయి.

ఇదేంటో చెప్పండని ఫెడ్ ఢాకాకి సందేశం పంపింది. ఆ సందేశం వెళ్లింది నోరు నొక్కేసిన ఆ ప్రింటర్ దగ్గరికే.

కొలంబో ఆదేశం జర్మనీకి చెందిన డాయిష్ బ్యాంకు మీదుగా వెళ్తోంది. గ్రహీత శాలికా ఫౌండేషన్ అనే సంస్థ. 'ఫౌండేషన్' అన్న మాటలో అక్షరాలు తప్పు పడ్డాయి. అక్కడొకరికి కన్ను పడింది. స్పష్టత కావాలని అడిగారు. ఆ 2 కోట్ల డాలర్లు వెనక్కి తిరిగాయి.

మనీలా సొమ్ము తిరగలేదు.

శనివారం. ఢాకాలో ప్రింటర్ని ఎలాగో లేపారు. అది ఒక్కసారిగా కాయితాలు కక్కడం మొదలెట్టింది. ఫెడ్ అడిగిన ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి. ఈ ఆదేశాలు మీవేనా? ఈ సొమ్ము ఎందుకు? గదిలో ఉన్నవాళ్లకి కాళ్ల కింద నేల కదిలింది. అలాంటి ఆదేశాలు వాళ్లెవరూ ఇవ్వలేదు. ఫోన్లందుకున్నారు, వెబ్‌సైట్‌లో దొరికిన నంబర్లు తిప్పారు, ఫ్యాక్సులు కొట్టారు, ఆపండి ఆపండి అంటూ మెయిళ్లు పంపారు, అవతలి నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

న్యూయార్క్‌లో ఆ రోజు శనివారం. అక్కడ సెలవు మొదలైంది.

ముహూర్తం గురువారం రాత్రికి ఎందుకు పెట్టారో ఇక్కడ తేలుతుంది. ఢాకాకి శుక్ర, శనివారాలు సెలవు. న్యూయార్క్‌కి శని, ఆదివారాలు. ఇక సోమవారం, ఫిబ్రవరి 8, చైనా కొత్త సంవత్సరాది. ఫిలిప్పీన్స్‌లో సెలవు. మనీలా చైనాటౌన్‌లో డప్పులు మోగుతున్నాయి, సింహాల వేషాలు ఆడుతున్నాయి. చెల్లింపు ఆపమన్న ఢాకా సందేశం ఆర్‌సీబీసీకి చేరింది. చదివే నాథుడు లేడు.

మంగళవారం బ్యాంకు తెరిచారు. సందేశం అప్పటికే వచ్చి ఉంది. అయినా ఖాతాల్లోంచి కోట్ల డాలర్లు ఆ రోజే బయటికి వెళ్లిపోయాయి.

డాలర్లు పెసోలయ్యాయి. పెసోలు మనీలా జూదశాలలకి, సొలేర్‌కి, మైడాస్‌కి చేరాయి. మందపాటి తివాచీలు, చల్లటి ఏసీ, కిటికీల్లేని ప్రత్యేక గదులు. బకరా అనే పేకాట. చిప్స్ కొనడం, ఆడటం, మిగిలినవి నోట్లుగా మార్చుకోవడం. అప్పటికి ఫిలిప్పీన్స్ మనీలాండరింగ్ చట్టం కిందికి జూదశాలలు రావు. 2017లో చట్టం మార్చారు. మూటలు ఎటు పోయాయో అప్పటికే జాడ లేదు.

ఢాకాలో గవర్నరు అతియుర్ రహ్మాన్. పేద రైతు కుటుంబంలో పుట్టి కేంద్ర బ్యాంకు దాకా ఎదిగిన ఆర్థికవేత్త. ఆయన నోరు విప్పలేదు. గుట్టుగా ఉంటే సొమ్ము తిరిగొస్తుందని ఆశ. దేశ ఆర్థికమంత్రికి కూడా చెప్పలేదు. ఫిబ్రవరి 29న మనీలా పత్రిక 'ఫిలిప్పీన్ డైలీ ఇంక్వైరర్' గుట్టు రట్టు చేసింది. మంత్రి ముహిత్ తన దేశపు ఖజానా దోపిడీ సంగతి వార్తల్లో తెలుసుకున్నారు. మార్చి 15న గవర్నరు రాజీనామా చేశారు.

దొంగలెవరు?

రెండేళ్లకి పైగా పట్టింది. 2018 సెప్టెంబరు 6న అమెరికా న్యాయశాఖ 179 పేజీల అభియోగపత్రం బయటపెట్టింది. నిందితుడు పార్క్ జిన్ హ్యోక్, ఉత్తర కొరియా ప్రోగ్రామర్. 2014లో సోనీ పిక్చర్స్ మీద దాడి, 2017 మే నాటి వాన్నాక్రై రాన్సమ్‌వేర్ దాడి కూడా ఈ ముఠా పనేనని ఎఫ్‌బీఐ అభియోగం. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను స్తంభింపజేసిన వాన్నాక్రై అదే. ఉత్తర కొరియా అంతా అబద్ధమంది. ఆ 179 పేజీల్లో ఏజెంట్లు తవ్వితీసిన వాటిల్లో రాసెల్ అహ్లామ్ మెయిల్ ఉంది. మర్యాదగా రాసిన ఆ నాలుగు ముక్కలూ, ఆ లింకూ, రెజ్యూమే అన్న ఆ జిప్ ఫైలు పేరూ.

జూపిటర్ స్ట్రీట్ బ్రాంచి మేనేజరు మాయా శాంటోస్ దెగీటోకి 2019 జనవరి 10న 32 నుంచి 56 ఏళ్ల జైలు శిక్ష పడింది. ఒక జూద వ్యాపారి సుమారు 1.5 కోట్ల డాలర్లు తిరిగి అప్పగించాడు. మిగతా సొమ్ము కోసం బంగ్లాదేశ్ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది.

తెలియనివాళ్ల ఫైళ్లు మన సర్కారు ఆఫీసులకీ వస్తాయి. కేంద్రప్రభుత్వ ఆర్టీఐ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టినవాళ్లకి తెలుసు. వివరాలు 3000 అక్షరాల్లో రాయమంటుంది. అంతకు మించితే పీడీఎఫ్ జతచేయమంటుంది. వర్డ్ ఫైలు, జిప్ ఫైలు తీసుకోదు. అర్జీ పెట్టేవాడికి అది విసుగు. కౌంటరుకి అవతల కూర్చున్న ఉద్యోగికి మాత్రం, దిగే ఫైళ్ల రకాలు తగ్గినకొద్దీ ముప్పూ తగ్గుతుంది. పీడీఎఫ్ అయితే చాలు అనుకోవడానికీ లేదు. దాంట్లోనూ లింకు పెట్టొచ్చు, దాంట్లోనూ దొంగ కోడ్ దాచొచ్చు. అందుకే అర్జీలు తెరిచే కంప్యూటర్ని ఖజానా కంప్యూటర్ నుంచి విడదీయాలి. ఉద్యోగి వేలు ఎప్పుడో ఒకసారి జారుతుంది. అది జారినా ఇల్లు మునగకుండా కట్టాల్సింది పైవాళ్లు.

ఢాకా ఉదంతం ప్రపంచమంతా పాఠాల్లో చేరింది. అయినా అలాంటిదే మన దగ్గరా జరిగింది. 2021 నవంబరు. హైదరాబాద్. ఏపీ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉద్యోగుల ఇన్‌బాక్సుల్లో మెయిళ్లు పడ్డాయి. కొందరు నొక్కారు. ఏమీ పేలలేదు. రెండు నెలలు గడిచాయి. 2022 జనవరి 23, ఆదివారం, బ్యాంకు సర్వర్‌లోంచి 12 కోట్ల రూపాయలకు పైగా వందల ఖాతాల్లోకి చెదిరిపోయింది. హైదరాబాద్ పోలీసులు దేశమంతా గాలించి ఆ దారులు పట్టుకున్నారు. బ్యాంకు నెట్‌వర్కుకి సరైన ఫైర్‌వాల్ రక్షణ లేదని దర్యాప్తులో తేలింది. పోలీసులు ఆ సంగతి రిజర్వు బ్యాంకుకి రాశారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకి 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. లింకు నొక్కిన ఉద్యోగుల మీద కాదు, బ్యాంకు మీద.